వెండితెర ప్రశ్నోత్తరాలు: స్మితా పాటిల్ పాత్రల వెంట

గత సంచికలో దర్శకుడు శ్యామ్ బెనెగల్ చిత్రాల గురించి రాస్తూ, హిందీ, మరాఠీ చిత్రాల నటి స్మితా పాటిల్ ఒక తెలుగు చిత్రంలో నటించిన సంగతిని ఒక్క వాక్యంలో ప్రస్తావించాము. ఆ వాక్యం మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్యకాలంలో మరే విషయం మీదా రాలేదు. అందుకని ఈ నెల శీర్షిక మొత్తాన్నీ ఆమెకే కేటాయిస్తున్నాము. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా ఇచ్చాము.

ప్రశ్న (తెనాలి నుంచి ఒక పాఠకురాలు): స్మితా పాటిల్ నటించిన తెలుగు చిత్రం ఏది? ఆ ఒక్క చిత్రం తప్ప ఆమెకు మన ప్రాంతంతో వేరే సంబంధం లేదా?

జవాబు: ఆ చిత్రం పేరు ‘అనుగ్రహం’. శ్యామ్ బెనెగల్ దర్శకత్వంలో 1978లో వచ్చింది. చి. త్ర్యం. ఖానోల్కర్ రాసిన మరాఠీ నవల ఆధారంగా, అదే కథను హిందీలో ‘కొండురా’గా, తెలుగులో ‘అనుగ్రహం’గా తీశారు. తెలుగు సంభాషణలు ఆరుద్ర రాశారు. అనంత్ నాగ్, వాణిశ్రీ ప్రధాన పాత్రధారులు. స్మితా పాటిల్ పార్వతి అనే కోడలి పాత్ర ధరించారు. తనకు దైవానుగ్రహం లభించిందని నమ్మిన ఒక మనిషి, ఆ నమ్మకంతోనే ఇతరుల జీవితాల మీద తీర్పులు చెప్పడం మొదలుపెడితే ఏమవుతుందన్నది కథ. ఆ తీర్పుకు బలయ్యేది పార్వతి. అప్పటికే మన ప్రేక్షకులకు అభిమాన కథానాయిక అయిన వాణిశ్రీని, హిందీ సమాంతర సినిమా (వ్యాపార పద్ధతులకు దూరంగా, నిజ జీవితానికి దగ్గరగా తీసే సినిమా) నుంచి వచ్చిన స్మితను ఒకే చిత్రంలో చూడగలగడం అరుదైన అవకాశం. అయినా తెలుగు సినిమా చరిత్ర రాసేవారు ఈ చిత్రాన్ని ఒక పంక్తితో దాటవేయడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది.

ఇక సంబంధం అంటారా, అది ఒక్క చిత్రంతో ముగిసేది కాదు. బెనెగల్ సికింద్రాబాద్‌ ప్రాంతంలో పుట్టి పెరిగినవారు, నిజాం కళాశాలలో చదివినవారు. ఆయన 1975లో తీసిన ‘నిశాంత్’ కథ 1945 నాటి తెలంగాణ పల్లెలో నడుస్తుంది. దొరల ఇంటి చిన్నకోడలు రుక్మిణిగా స్మిత అందులో కనిపిస్తారు. భర్త మరొకరి భార్యను తెచ్చి ఇంట్లో నిర్బంధిస్తే, ఆ ఇంట్లోనే దీపం పెట్టుకుంటూ, వంట చూసుకుంటూ బతకవలసిన స్త్రీ ఆమె. చివరికి ఊరు తిరగబడినప్పుడు ఆ కోపం దోషులకూ నిర్దోషులకూ మధ్య తేడా చూడదు, రుక్మిణి కూడా అందులో కలిసిపోతుంది. సాగర్ సర్హదీ తీసిన ‘బాజార్’ (1982) హైదరాబాదు పేద ముస్లిం కుటుంబాల ఆడపిల్లలను గల్ఫ్ నుంచి వచ్చిన డబ్బున్నవాళ్లకు పెళ్లి పేరుతో అమ్మడం గురించిన చిత్రం. ‘మండీ’ (1983) హైదరాబాదులోని ఒక వేశ్యావాటిక కథ, అందులో ఆమె జీనత్ అనే గాయని. ఈ నాలుగింటినీ వరుసగా పెట్టి చూస్తే, మరాఠీ అమ్మాయి అయిన స్మిత మన నేల మీది స్త్రీలను ఎంతమందిని తెర మీదకు తెచ్చారో అర్థమవుతుంది.

ప్రశ్న (వరంగల్ నుంచి ఒక పాఠకుడు): ఆమె నటనలో శిక్షణ పొందినవారా? సినిమాల్లోకి ఎలా వచ్చారు?

జవాబు: స్మితా పాటిల్ 1955 అక్టోబర్ 17న పుణేలో పుట్టారు. తండ్రి శివాజీరావు పాటిల్ రాజకీయ నాయకుడు, తల్లి విద్యాతాయి సమాజసేవలో ఉన్నవారు. పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆమె విద్యార్థిని కాదు. కానీ అక్కడ చదువుతున్న అరుణ్ ఖోప్కర్ తీసిన డిప్లొమా చిత్రంలో నటించారు. బొంబాయి దూరదర్శన్‌లో మరాఠీ వార్తలు చదువుతుండగా ఆమె ముఖం బెనెగల్ దృష్టిని ఆకర్షించింది. బాలల కోసం ఆయన తీసిన ‘చరణ్‌దాస్ చోర్’ (1975)లో రాకుమారి వేషం ఇచ్చారు. హబీబ్ తన్వీర్ నాటక బృందంలోని ఛత్తీస్‌గఢ్ జానపద కళాకారుల మధ్య ఆమె తొలి పాఠాలు నేర్చుకున్నారు. ఇంతకు మించిన శిక్షణ లేదు.

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు): పెద్ద నిర్మాతలు, పంపిణీదారులు లేకుండా ఇలాంటి చిత్రాలకు డబ్బు ఎవరు పెట్టేవారు? దాని ప్రభావం నటీనటుల మీద ఎలా ఉండేది?

జవాబు: మాస్టారూ, చాలా మంచి ప్రశ్న వేశారు. నటన గురించి మాట్లాడేవారు డబ్బు సంగతి వదిలేస్తారు. కానీ ఈ నటి విషయంలో ఆ రెండింటినీ విడదీయలేము.

అప్పటి సమాంతర చిత్రాలకు కొంత డబ్బు ప్రభుత్వ సంస్థల నుంచి వచ్చేది. 1960లో ఏర్పడిన ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్, ఆ తర్వాత జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ కొత్త దర్శకులకు పెట్టుబడి సమకూర్చేవి. బెనెగల్ తొలి చిత్రాలకు సినిమా హాళ్లలో ప్రకటనలు వేసే బ్లేజ్ అనే సంస్థ అండగా నిలిచింది. అన్నిటికన్నా విలక్షణమైనది ‘మంథన్’ (1976). గుజరాత్ పాల సహకార సంఘాల్లోని 5 లక్షల మంది రైతులు తలా 2 రూపాయలు వేసుకుని, 10 లక్షల రూపాయలతో ఆ చిత్రాన్ని నిర్మించారు. చిత్రం విడుదలయ్యాక తమ సినిమాను తామే చూసుకోవడానికి పల్లెల నుంచి ఆ రైతులు తరలివచ్చారు. దాదాపు అర్ధశతాబ్ది తర్వాత, 2024లో, పునరుద్ధరించిన ప్రతిని కాన్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించారు.

తక్కువ డబ్బుతో తీసే చిత్రానికి స్టూడియోలో వేసిన పల్లె దొరకదు, నిజమైన పల్లెకే వెళ్లాలి. ‘మంథన్’ను సౌరాష్ట్రలోని ఒక గ్రామంలో తీశారు. చుట్టూ ఉన్నవాళ్లు నిజంగా గేదెలు మేపేవాళ్లు, నిజంగా పాలు పోసేవాళ్లు. అలాంటివారి పక్కన నటి నడకలో, కూర్చునే తీరులో, కుండ ఎత్తే పద్ధతిలో రవ్వంత అబద్ధం ఉన్నా కెమెరా పట్టేస్తుంది. దళితవాడలో ఉండే బిందు పాత్రలో స్మిత ఆ పరీక్షను నెగ్గారు. ఊరికి వచ్చిన పశువైద్యుడి మీద ఆమెకు కలిగే ఇష్టం ఒక్క మాటలో కూడా బయటపడదు. భర్త తిరిగివచ్చి, ఆ డాక్టరు మీద తప్పుడు ఫిర్యాదు కాగితం తెచ్చి వేలిముద్ర వేయించినప్పుడు, ఆ వేలిముద్రలో ఒక మనిషి బతుకంతా తాకట్టుకు పోయినట్టు మనకు తెలుస్తుంది. చేతుల మీద, పని మీద ఆమెకు ఉన్న ఈ శ్రద్ధే ఆమె నటనకు మూలమని నా అభిప్రాయం. గొంతు, కళ్లు అందరూ మెచ్చుకుంటారు. చేతులను కూడా చూడమని పాఠకులను కోరుతున్నాను.

ప్రశ్న (హైదరాబాదు నుంచి ఒక విద్యార్థిని): ‘భూమిక’ను ఆమె ఉత్తమ చిత్రంగా ఎందుకు చెబుతారు? నేను చూశాను. కథానాయిక ఎందుకు ఒకరి తర్వాత ఒకరిని వెతుక్కుంటూ పోతుందో నాకు అర్థం కాలేదు.

జవాబు: మీకు అర్థం కాలేదని చెప్పిన ఆ చోటే ఆ చిత్రం ప్రాణం ఉంది. 1977లో వచ్చిన ‘భూమిక’ మరాఠీ నటి హంసా వాడ్కర్ ఆత్మకథ ఆధారంగా తీసినది. ఉష అనే బాలిక సంగీతం నేర్చుకుని, సంసారాన్ని పోషించడానికి సినిమాల్లో చేరి, తనను అక్కడికి తెచ్చిన కేశవ్‌నే పెళ్లి చేసుకుంటుంది. ఆమె సంపాదనతో ఇల్లు నడుస్తుంది, ఆమెను ఎక్కడ ఎవరితో నటింపజేయాలో భర్త నిర్ణయిస్తాడు, ఆమె ఎవరితో మాట్లాడినా అనుమానిస్తాడు. మానేస్తానంటే ఒప్పుకోడు. మనకు తెలిసిన ఎందరో నటీమణుల ఇళ్లలో జరిగిన కథే ఇది.

ఉష వెతుకుతున్నది పురుషుణ్ణి కాదు. తాను సంపాదించే మనిషిగా, నటిగా, శరీరంగా కాకుండా మామూలు మనిషిగా ఉండగలిగే ఇంటిని వెతుకుతున్నది. తోటి నటుడు రాజన్ ఆమెను ఆరాధిస్తాడు గాని నిలబడలేడు. దర్శకుడు సునీల్‌కు ఆమెకన్నా తన ఆలోచనలే ముఖ్యం. సంపన్నుడైన కాలే ఆమెకు గౌరవం, పెద్ద ఇల్లు, కుటుంబం అన్నీ ఇస్తాడు. మంచంపట్టిన అతని భార్యను, పసివాడిని ప్రేమగా చూసుకుంటూ ఉష మొదటిసారి నిశ్చింతగా కనిపిస్తుంది. ఒకరోజు పిల్లవాణ్ణి సంతకు తీసుకువెళ్లబోతే, ఈ ఇంటి ఆడవాళ్లు గడప దాటే ఆచారం లేదని తెలుస్తుంది. ఆ క్షణంలో స్మిత ముఖాన్ని మరొకసారి చూడండి. ఏడవరు, అరవరు. ముందు ఆ మాట విననట్టుగా ఉంటారు, తర్వాత చిన్నగా నవ్వబోతారు, ఆ నవ్వు సగంలో ఆగిపోయినప్పుడు తాను ఉన్నది ఇల్లు కాదు చెర అని ఆమెకు, మనకు ఒకేసారి తెలుస్తుంది.

ఈ చిత్రం తీసేనాటికి ఆమె వయసు 22 ఏళ్లకు లోపే. పదహారేళ్ల పిల్ల ఆశ నుంచి, కూతురు పెళ్లీడుకొచ్చిన తల్లి అలసట దాకా, రెండు దశాబ్దాలకు పైబడిన జీవితాన్ని ఆ వయసులో ఆమె మోశారు. పైగా ఉష నటి కాబట్టి, పాత కాలపు సినిమాల్లోని అతిశయ నటనను కూడా స్మితే చేసి చూపాలి. మరాఠీ జానపద నృత్యమైన లావణీలో కళ్లు తిప్పి నవ్వే ఉష, మేకప్ గదిలో అద్దం ముందు కూర్చున్న ఉష ఇద్దరూ వేరు వేరు మనుషుల్లా ఉంటారు. ఒక చిత్రంలో రెండు రకాల నటనలు, వాటి మధ్య గీత చెరగకుండా చూసుకోవడం అనుభవమున్నవారికే కష్టం. ఆ ఏడాది జాతీయ ఉత్తమ నటి పురస్కారం ఆమెకు వచ్చింది. చివర్లో కూతురు తన దగ్గరకు రమ్మన్నా, ఉష హోటల్ గదిలో ఒంటరిగా ఉండడానికే నిశ్చయించుకుంటుంది. దాన్ని ఓటమిగా చూసేవారున్నారు. నేను అలా చూడను. మొదటిసారిగా అది ఆమె ఎంచుకున్న గది.

ప్రశ్న (అనంతపురం నుంచి ఒక పాఠకుడు): ఇంత గొప్ప ఆదర్శాలున్న నటి 1982లో పెద్ద కథానాయకుడి పక్కన వానపాటలో ఎందుకు ఆడారు? అది రాజీ కాదా?

జవాబు: మీరు చెబుతున్నది ‘నమక్ హలాల్’ గురించి. అదే ఏడాది ‘శక్తి’ కూడా వచ్చింది. ఆ తర్వాత చనిపోయేదాకా ఆమె వ్యాపార చిత్రాల్లో విరివిగా నటించారు. ఆ పాట చిత్రీకరణ ఆమెకు ఎంతో ఇబ్బంది కలిగించిందన్నది దాచుకున్న విషయం కాదు.

రాజీ అనే మాటను ఆమెకు అంటగట్టే ముందు ఆమె ఇంటర్వ్యూల్లో చెప్పిన కారణాన్ని వినాలి. కొన్నేళ్లపాటు వ్యాపార చిత్రాలను కాదని చిన్న చిత్రాలకే ఆమె అంకితమయ్యారు. తీరా చూస్తే, ఆ చిన్న చిత్రాల దర్శకులే పంపిణీ సులువవుతుందని పేరున్న తారల వైపు చూడడం మొదలుపెట్టారు. తన పేరుకు మార్కెట్‌లో విలువ ఉంటేనే తాను కోరుకున్న చిత్రాలకు తలుపులు తెరుచుకుంటాయని ఆమె గ్రహించారు. ఈ లెక్కలో కొంత చేదు ఉంది. ఆ చేదు ఆమె చేసింది కాదు. మంచి చిత్రం తీస్తే చాలు, జనం దగ్గరికి అదే చేరుతుందని నమ్మి, ప్రదర్శనకు దారులు వేసుకోని వ్యవస్థ చేసింది.

మరొక సంఘటన చెప్పాలి. బొంబాయి మురికివాడ జీవితం మీద రవీంద్ర ధర్మరాజ్ తీసిన ‘చక్ర’కు ఆమెకు రెండవ జాతీయ పురస్కారం వచ్చింది. ఆ వాడలో నీటి కుళాయి దగ్గర, అందరి కళ్లముందే, స్త్రీలు స్నానం చేయక తప్పదు. ఆ నిస్సహాయతను చూపే దృశ్యం చిత్రంలో ఉంది. దాన్నే తీసుకెళ్లి ప్రచారంలో పెద్ద బొమ్మగా వాడుకున్నారు. స్మిత దీన్ని బహిరంగంగా తప్పుపట్టారు. చిత్రంలో జాలి కలిగించే దృశ్యం గోడ మీదకు ఎక్కేసరికి వేరే వస్తువు అయిపోయింది. శుద్ధమైన సినిమా ఒకవైపు, వ్యాపారం ఒకవైపు అని మనం గీసే గీత, ఒక నటి శరీరం దగ్గరికి వచ్చేసరికి ఎంత పలచబడుతుందో ఇంతకన్నా తార్కాణం అక్కరలేదు. అందుకే ఆ వానపాట ఒక్కదాని గురించే ఆమెను నిలదీయడం నాకు న్యాయంగా తోచదు.

ప్రశ్న (అమెరికాలోని డాలస్ నుంచి ఒక పాఠకురాలు): మా ఫిల్మ్ క్లబ్బులో ఆమె చిత్రాలు వరుసగా వేసుకున్నాము. చాలావరకు పేద స్త్రీ, బాధిత స్త్రీ పాత్రలే కనిపించాయి. ఆమె ఒకే మూసలో ఉండిపోయారని ఒకరు అన్నారు. మీరేమంటారు?

జవాబు: మీ క్లబ్బువారు ఏ చిత్రాలు వేసుకున్నారో ఉత్తరంలో రాయలేదు కాబట్టి, వారు చూడకపోయి ఉండగల మూడింటి గురించి చెబుతాను.

మొదటిది జబ్బార్ పటేల్ 1982లో తీసిన మరాఠీ చిత్రం ‘ఉంబరఠా’. ఆ మాటకు అర్థం గడప. కలిగిన ఇంటి కోడలు, చదువుకున్న సులభ, చిన్న కూతుర్ని ఇంట్లో వదిలి ఒక మహిళా సంస్కరణ గృహానికి సూపరింటెండెంట్‌గా వెళుతుంది. ఆమెను ఎవరూ కొట్టలేదు, గెంటలేదు. తనకొక పని కావాలని వెళ్లింది. అక్కడి అవినీతితో పోరాడి, అలసి తిరిగివస్తే, ఆమె స్థానం మరొకరితో నిండి ఉంటుంది. మళ్లీ గడప దాటుతుంది. సులభలో కాస్త పెడసరం, బిడ్డ దగ్గర అపరాధ భావం, అధికారి కుర్చీలో కూర్చున్నప్పటి ఆనందం అన్నీ ఉన్నాయి. బాధితురాలు అనే మాట ఆమెకు అతకదు.

రెండవది మృణాల్ సేన్ బెంగాలీ చిత్రం ‘అకాలేర్ సంధానే’ (1980). 1943 నాటి కరువు మీద సినిమా తీయడానికి ఒక బృందం పల్లెకు వెళుతుంది. అందులోని నటి పేరు స్మితే. అంటే ఆమె తన పేరుతో తననే నటించారు. తీరిక వేళ ఆమె ఆకలిచావుల ఫొటోలు ఒక్కొక్కటీ చూపిస్తూ, ఇది ఏ సంవత్సరానిదో చెప్పమని తోటివారిని అడుగుతారు. అందరూ 1943 అని పొరబడిన ఫొటో చాలా తర్వాతి కాలానిది. పేదవారి బాధను నటించి నగరానికి తిరిగిపోయే నటీనటుల హక్కును ప్రశ్నించే చిత్రంలో, అలాంటి పాత్రలకే పేరుపడ్డ నటి తనను తాను నిలబెట్టుకున్నారు. మీ మిత్రులు అడిగిన ప్రశ్నను ఆమె అప్పుడే వేసుకున్నారన్నమాట.

మూడవది మహేశ్ భట్ ‘అర్థ్’ (1982). మరొకరి సంసారంలోకి వచ్చిన కవిత పాత్ర అది. సానుభూతి అంతా షబానా అజ్మీ పోషించిన భార్య పక్షాన ఉంటుందని తెలిసి ఒప్పుకున్నారు. పక్క మీద ఆ భార్య నల్లపూసలు తనకు గుచ్చుకుంటున్నాయని భ్రమపడి కవిత వెతుక్కునే దృశ్యంలో, తప్పు చేసిన మనిషి భయాన్ని ఆమె ఏ దాపరికమూ లేకుండా చూపారు. ‘బాజార్’లోని నజ్మా కూడా ఇలాంటిదే. తన పెళ్లి సాగుతుందన్న ఆశతో మరొక పిల్ల అమ్మకానికి తాను దారి వేస్తుంది. బాధపడే స్త్రీకన్నా, ఇతరుల బాధలో తన వాటా ఉందని తెలుసుకునే స్త్రీని నటించడం కష్టం.

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక పాఠకురాలు): మా అమ్మ మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్లేది. సాయంత్రం ఆమె చేతులు మంటలెత్తి, మమ్మల్ని ముట్టుకునేది కాదు. ‘మిర్చ్ మసాలా’ చూసినప్పుడు అమ్మే గుర్తొచ్చింది. ఆ చిత్రం గురించి, ఆమె చివరి రోజుల గురించి చెప్పండి.

జవాబు: అమ్మా, మీ ఉత్తరాన్ని ఇక్కడ యథాతథంగా వేయాలనిపించింది, స్థలం చాలక కుదించాము.

కేతన్ మెహతా తీసిన ‘మిర్చ్ మసాలా’ బ్రిటిష్ పాలన నాటి గుజరాత్ పల్లె కథ. పన్నుల కోసం దండుతో వచ్చిన సుబేదారు కన్ను సోన్‌బాయి మీద పడుతుంది. ఆమె అతని చెంప పగులగొట్టి, పారిపోయి, ఆడవాళ్లు మిరపకాయలు దంచే కార్ఖానాలో తలదాచుకుంటుంది. ముసలి కాపలాదారు అబూమియా తలుపులు మూసేస్తాడు. ఆమెను అప్పగిస్తే ఊరు బతుకుతుందని పెద్దలంతా తేల్చేస్తారు. లోపలున్న కూలి స్త్రీలు కూడా మొదట ఆమెనే తిడతారు. ఎర్రటి మిరప రాశుల మధ్య స్మిత కూర్చునే తీరు, కొంగుతో ముక్కు మూసుకునే తీరు మీకు పరాయిగా తోచకపోవడానికి కారణం ఉంది. ‘మంథన్’లో గేదెల దగ్గరా, ‘చక్ర’లో కుళాయి దగ్గరా, పదేళ్లుగా ఆమె నేర్చుకుంటూ వచ్చింది పనిచేసే మనిషి ఒంటి భాషనే.

ఆ మధ్యలోనే అరవిందన్ మలయాళ చిత్రం ‘చిదంబరం’ (1985) కూడా చేశారు. కొండల మీది పశువుల క్షేత్రానికి వచ్చిన తమిళ వధువు శివకామిగా మొదట పూలను చూసి ఆశ్చర్యపోతూ కనిపించే ఆమె, చివర్లో గుడి బయట చెప్పులు కాసే స్త్రీగా తల ఎత్తుతారు. ఆ రెండు ముఖాల మధ్య ఏం జరిగిందో మాటల్లో చెప్పరు. 1985లోనే ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

1986 నవంబర్ 28న ఆమెకు కొడుకు పుట్టాడు. ప్రసవానంతర సమస్యలతో డిసెంబర్ 13న కన్నుమూశారు. వయసు 31. పూర్తిచేసిన చిత్రాలు ఆ తర్వాత ఒక్కొక్కటిగా విడుదలయ్యాయి. ‘మిర్చ్ మసాలా’ 1987లో జనం ముందుకు వచ్చింది. అబూమియా నేలకొరిగాక, సుబేదారు లోపలికి అడుగుపెట్టగానే, అంతదాకా ఆమెను తిట్టిన స్త్రీలే గుడ్డల్లో కారం నింపి అతని కళ్లలో కొడతారు. ఎర్రటి దుమ్ములో అతను మోకాళ్ల మీద పడతాడు. సోన్‌బాయి కొడవలి పట్టుకుని అతనికి ఎదురుగా నిలబడి ఉంటుంది. చిత్రం అక్కడ ఆగిపోతుంది.